నా వద్ద ఉండిపోయిన రేడియో అత్తయ్య పళ్ళు

సంరక్షణ గృహాల పర్యవేక్షణ శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ శాఖ అనుమతితో నడుస్తున్న సంరక్షణ గృహంలోని ఒక వృద్ధురాలి కట్టుడు పళ్ళ సెట్టు నా వద్ద ఉండిపోయినందున, దానిని నా నుంచి స్వీకరించి ఆమెకు అందజేయవలసిందిగా సదరు గృహాన్ని ఆదేశించుట గురించి.

సూచిక: (అ) ఇదే విషయమై నేను సమర్పించిన మొదటి అర్జీ. (ఆ) దానిపై తమ విచారణాధికారి ఇచ్చిన, “చర్య అవసరం లేదు” అనే నివేదిక.

మొదటి అర్జీ ఇచ్చిన రోజున విషయం చదివి తమ గుమాస్తా నవ్వాడు. తమరికి కూడా నవ్వు వస్తే తప్పు పట్టను. నవ్వాక మిగతాది చదవమని మనవి.

1. నేను తూనికలు కొలతల శాఖలో తనిఖీదారుగా పనిచేసి విరమణ పొందినవాడిని. మాకు పిల్లలు లేరు. నా భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మింగడం కష్టమైంది. ఆమెను ఎత్తి కూర్చోబెట్టడానికి నా నడుము సహకరించలేదు. ఊళ్ళో గృహాలు కొన్ని తిరిగి చూశాను. గుమ్మం ఎదురుగా గోడకు తమ శాఖ అనుమతి పత్రం, అద్దం బిగించి, తగిలించి ఉన్న చోట చేర్పించాను. ఆ పత్రం చూసే చేర్పించానన్న సంగతి తమరు గమనించవలెను.

2. గది శుభ్రంగా ఉండేది. రెండు మంచాలు, మధ్యన ఒక కిటికీ. రెండో మంచం మీద ఉండే పెద్దావిడను అక్కడ అందరూ రేడియో అత్తయ్య అంటారు. ఆవిడకు జ్ఞాపకం నిలవదు, మాట ఆగదు. నా భార్యకు మాట లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది. రేడియో అత్తయ్య తన పెళ్ళి సంగతి మొదలుపెట్టి ఎవరి పెళ్ళితోనో ముగించేది. నా భార్య కళ్ళతో ఊఁ కొట్టేది.

ఆ గృహపు పర్యవేక్షకురాలు నా భార్యను “అక్కా” అని, నన్ను “బావగారూ” అని పిలిచేది. నేను సాయంత్రం వెళితే గుమ్మంలోనే పట్టుకునేది.

“ఏం బావగారూ, ఇవాళ ఇస్త్రీ చొక్కా! అక్క కోసమా, నాకోసమా?”

“మీ అక్క వింటోంది.”

“వింటే విననీండి. అక్కా, నీ మొగుణ్ణి ఎత్తుకుపోతున్నా, లేచి ఆపు చూద్దాం!”

నా భార్య ముఖంలో కదిలే సగంతో నవ్వేది. పక్షవాతం వచ్చాక ఆమెను నవ్వించిన మనిషి ఆ పర్యవేక్షకురాలే. ఈ మాట ఆమెకు అనుకూలంగా నమోదు చేసుకోవచ్చు.

3. నా భార్యకు పైవరుస, కిందివరుస కూడా కట్టుడు పళ్ళే. సెట్టు కట్టించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పళ్ళ డాక్టరు, “అన్నీ సమంగా వరుసలో పెడతానమ్మా, అచ్చం సినిమా తారలా ఉంటారు” అన్నాడు. “తార సంగతి తర్వాత, ముందు నన్ను నాలాగా ఉంచండి” అంది ఆమె. ఆమె సొంత పళ్ళలో పైన ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేది. పట్టుబట్టి అలాగే చేయించుకుంది. డాక్టరు తన పనితనానికి మచ్చ అని గొణిగాడు.

పళ్ళు లేకుండా ఆమె నాకు కూడా కనిపించేది కాదు. రాత్రి దీపం ఆర్పాకే సెట్టు తీసి, నా వైపు తిరిగేది.

గృహంలో చేర్చిన రోజున సెట్టు దాచుకోవడానికి మూత ఉన్న నీలం డబ్బా కొని, దాని మీద ఆమె పేరు రాసి ఇచ్చాను.

4. కొన్ని నెలలు గడిచాక ఆమె తిండి తగ్గింది. ముద్ద ఊసేసేది. పర్యవేక్షకురాలు నన్ను వరండాలోకి పిలిచింది.

“ఏమీ అనుకోకండి బావగారూ. భోజనం వేళకి మీరు రావద్దు. మిమ్మల్ని చూస్తే అక్క గారాలు పోతోంది.”

“నేను లేకపోతే తింటోందా?”

“ఇంత గిన్నె ఖాళీ చేస్తోంది. మీరొస్తే మాత్రం చిన్నపిల్లయిపోతుంది. మాకిది అలవాటేనండీ, పదిమందిని చూశాం.”

పదిమందిని చూసిన మనిషి మాట విన్నాను. భోజనం అయ్యాక వెళ్ళడం మొదలుపెట్టాను. అప్పటికి సెట్టు తీసేసి ఉండేవారు. నా భార్య ఎడమచేత్తో నోరు కప్పుకుని ఉండేది. పళ్ళు లేని నోరు నాకు కనిపించకూడదనే అలా చేస్తోందనుకున్నాను. ఆమె స్వభావం నాకు తెలుసు కనుక ఆ చెయ్యి నేను తీయలేదు.

5. ఆ తర్వాత జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు నోరు తెరిచి టార్చి వేసి చూసి, నా వైపు తిరిగి అడిగాడు: “ఈ పుండ్లు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి?”

నాకు తెలియదన్నాను.

చిగుళ్ళు రెండువైపులా ఒరుసుకుపోయి ఉన్నాయి. నమలలేని మనిషిని పడుకోబెట్టి, పలుచటి జావను ముక్కు ఉన్న గిన్నెతో తొందరగా పోసినట్టున్నారనీ, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ చెప్పాడు. కూర్చోబెట్టి, చిక్కగా చేసి, చెంచాతో మెల్లగా పట్టాలని, పక్షవాతానికి చూసిన డాక్టర్లు గృహంలో చేర్చిన రోజే కాగితం మీద రాసిచ్చారు. గృహంవారు తీసుకున్నారు. అలా చేయడానికి మనిషి కావాలి. పొయ్యడానికి గిన్నె చాలు.

నా భార్య చనిపోయింది.

6. ఆమెను పంపించే ముందు, ముఖం చూడడానికి వచ్చేవాళ్ళు ఉన్నారు కనుక, గృహంవారు సంచిలో పెట్టి ఇచ్చిన సామానులోంచి సెట్టు తీసి పెట్టబోయాను. కూర్చోలేదు. ప్రాణం పోయాక దవడ బిగుసుకుంటుందని ఎవరో అన్నారు. మళ్ళీ ప్రయత్నించాను. అప్పుడు చూశాను. పైవరుస సమంగా ఉంది. ఒక్క పన్నూ ఎక్కి లేదు. సెట్టు మొత్తం చిన్నది.

నోటి మీద గుడ్డ కప్పి పంపించాను. ఇంతకు మించి ఈ అంశం కింద రాయవలసినది లేదు.

7. కర్మ అయ్యాక ఆ సెట్టు తిరిగి ఇవ్వడానికి గృహానికి వెళ్ళాను. ఎవరి సొత్తు వారికి చేర్చాలి కదా అనుకున్నాను. గదిలో నా భార్య మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. రేడియో అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి, “రావయ్యా, ఎంతసేపటి నుంచి చూస్తున్నా!” అని నవ్వింది.

ఆవిడ నోట్లో నా భార్య నవ్వు ఉంది.

అయ్యా, ఈ వాక్యాన్ని అర్జీ భాషలో ఎలా రాయాలో ఆలోచించాను. “సదరు వృద్ధురాలి నోటియందు అర్జీదారుని భార్యకు చెందిన సెట్టు కనుగొనబడినది” అని మొదటి అర్జీలో రాశాను. ఫలితం లేకపోయింది కనుక ఈసారి చూసింది చూసినట్టు రాశాను.

ఆ సెట్టు ఆవిడకు పెద్దది. రెండు మాటలకోసారి పైవరుస జారుతోంది. బొటనవేలితో పైకి నెట్టుకుని మళ్ళీ అందుకుంటోంది. ఆవిడ చిక్కిపోయింది. మెడ దగ్గర రవిక వేలాడుతోంది. ఏదో ఒక పూట ఆ పళ్ళు ముద్దతోపాటు గొంతులోకి జారతాయి. దీనికి డాక్టరే చెప్పనక్కర్లేదు.

8. అక్కణ్ణుంచి ఆఫీసు గదికి వెళ్ళాను. పర్యవేక్షకురాలి బల్ల మీద గుండుసూదులు పోసిన నీలం డబ్బా ఉంది. దాని మీద నా చేతిరాత ఉంది.

“ఇది మా ఆవిడ డబ్బా కదూ?”

“అవును బావగారూ. ఖాళీగా ఉందనీ...”

“ఖాళీగా ఎందుకుంది?”

ఆమె లేచి తలుపు వేసింది. కూర్చోమంది. ఏడ్చింది. ఆమె చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను:

“మీ దగ్గర దాచలేను బావగారూ. మనుషులు చాలక అందరి పళ్ళూ ఒకే టబ్బులో వేసి కడిగేస్తున్నారు. పొద్దున నోటికి ఏది పడితే అది పెట్టేస్తున్నారు. అక్క ఊసేస్తుంటే నాకు అనుమానం వచ్చింది. కానీ ఎవరిది ఎవరికెళ్ళిందో తేల్చాలంటే అందరి నోళ్ళూ తెరిపించాలి, ఇళ్ళకి కబుర్లు పెట్టాలి, డాక్టర్ని పిలవాలి. సరిగ్గా అప్పుడే తనిఖీ వస్తోందని శాఖ ఆఫీసర్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. తనిఖీ అయిపోనీ, తర్వాత చూద్దాం, ఈలోగా నోరు విప్పకు అన్నారు యజమానులు.”

“అందుకేనా నన్ను భోజనం వేళకి రావద్దన్నారు?”

ఆమె నా చెయ్యి పట్టుకుంది. “కాగితం మీదకి ఎక్కించకండి బావగారూ, నా ఉద్యోగం పోతుంది. రేడియో అత్తయ్యవి తీసుకురండి. రేపే మార్చేస్తాను. అక్క మీద ఒట్టు.”

ఆ సెట్టు ఆ క్షణంలో నా సంచిలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. “ఇప్పుడు కాదు, యజమానులు లోపలే ఉన్నారు, రేపు” అని మళ్ళీ సంచిలో పెట్టించింది. నమ్మాను. నా భార్య మీద ఒట్టు వేసింది కనుక నమ్మాను.

9. మర్నాడు గేటు దగ్గర కాపలా మనిషి అడ్డం వచ్చాడు. “మిమ్మల్ని పంపొద్దన్నారు సార్.”

“ఎవరు?”

“మేడంగారే.”

“నా దగ్గర లోపలావిడ పళ్ళున్నాయి. నువ్వు తీసుకుని ఇవ్వు.”

“పళ్ళా? నాకెందుకు సార్ ఈ గొడవ! పోనీ పండో కాయో అయితే పట్టుకెళ్ళి ఇద్దును.”

తర్వాత పోస్టులో పంపాను. “చిరునామాదారు నిరాకరించారు” అని తిరిగి వచ్చింది. తీసుకుంటే పొరపాటు జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని తీసుకోరు. ఒక ముసలావిడ తిండికి అడ్డం పడుతున్నది ఈ ఒక్క కారణమే.

10. పై పరిస్థితులలో తమకు మొదటి అర్జీ పెట్టుకున్నాను. తమ విచారణాధికారి వచ్చారు. నన్నూ పిలిచారు. నా బావమరిది తోడు వచ్చాడు. జరిగినది:

విచారణాధికారి: “అవి మీ ఆవిడవేనని ఎలా చెప్పగలరు?”

“కాపురం చేశాను కనుక.”

“అది ఫైల్లో ఏమని రాయనండీ?”

సెట్టు కట్టిన పళ్ళ డాక్టరు దగ్గర నా భార్య నోటి సుద్ద అచ్చు ఇంకా ఉంది. అడిగి తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టి, పెద్దావిడ నోట్లోని సెట్టు తీసి ఈ అచ్చుకు ఆనించి చూడమన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. “సుద్దముక్కని ఫైలుకి ఎలా కుడతామండీ?” అన్నారు.

రేడియో అత్తయ్యను పిలిపించారు.

“ఏమమ్మా, ఈ పళ్ళు నీవేనా?”

“నావే నాయనా. ఇంకెవరివి?”

ఇది నమోదైంది. అప్పుడు నేను అడిగాను: “అత్తయ్యా, పైన తిరిగే ఆ ఫ్యాను మీదేనా?”

“నాదే. వాడుకోండి నాయనా, పాడుచేయకండి.”

ఇది నమోదు కాలేదు.

ఆఖరున పర్యవేక్షకురాలిని అడిగారు. తలుపు వేసుకుని ఏడ్చినది, ఒట్టు వేసినది ఆమే. నా ఎదురుగా నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది: “ఈ పెద్దాయనకి మనసు బాగాలేదండీ. భార్య పోయిన దగ్గర్నుంచీ ఎవరు నవ్వినా ఆవిడే అనుకుంటున్నారు. పాపం, మేమే సర్దుకుపోతున్నాం.”

విచారణాధికారి జాలిగా తల ఊపారు.

అయ్యా, నా మీద చాలా మాటలు పడ్డాయి ఉద్యోగంలో. దొంగ తూకపు రాళ్ళు పట్టుకున్నప్పుడు దుకాణదారులు తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం చాలదు. అవేవీ తగల్లేదు. “ఈ పెద్దాయన” అన్న మాట తగిలింది. ఒట్టు వేసిన రోజు వరకు నేను ఆమెకు బావగారిని.

బయటికి వచ్చాక నా బావమరిది అన్నాడు: “వదిలేయ్ బావా. అక్క ఎలాగూ రాదు.”

“రేడియో అత్తయ్య ఉంది కదరా.”

“ఆవిడ మనకేమవుతుంది?”



11. విచారణ నివేదికలోని నిర్ణయాలకు నా జవాబులు:

(క) “నివాసుల సంఖ్యకు సెట్ల సంఖ్య సరిపోయినది, తేడా లేదు.” ఒకరు చనిపోయారు, ఒక సెట్టు నాకు ఇచ్చి పంపేశారు. కాబట్టి సరిపోతుంది. సంఖ్య సరిపోయిందా అని చూశారు. నోటికి సరిపోయిందా అని చూడలేదు.

(ఖ) “మృతురాలు జీవించి ఉండగా ఎట్టి ఫిర్యాదూ చేసి ఉండలేదు.” ఆమెకు మాట లేదు. ముద్ద ఊసింది. ముఖం తిప్పుకుంది. తనకు చేతనైన ఫిర్యాదులన్నీ చేసింది. అవి గారాల కింద జమ అయ్యాయి.

(గ) “ఇటీవలి తనిఖీలో లోపాలు కనబడలేదు.” నేను తనిఖీదారుగా ఉన్నంత కాలం, ముందుగా కబురు పెట్టి వెళ్ళిన ఏ రోజూ నాకు ఒక్క తప్పుడు రాయి దొరకలేదు. తమరు కబురు పెట్టారు. ఆ కబురు అందినందువల్లనే పొరపాటు దిద్దడం వాయిదా పడింది. నా భార్య నోట్లో పుండ్లు పండింది ఆ వాయిదాలోనే. ఆమెను కాపాడడానికి పెట్టిన తనిఖీ ఇది. గోడకు తగిలించిన తమ శాఖ పత్రం నమ్మి ఆమెను అక్కడ వదిలి వచ్చినవాడిని. ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నానో, ఆ ఫిర్యాదు వారికే ఇస్తున్నానని నాకు తెలుసు. ఇవ్వడానికి ఇంకొకరు లేరు.

12. కావున నేను కోరునది:

పర్యవేక్షకురాలి ఉద్యోగం తీయించమని అడగడం లేదు. నష్టపరిహారం అడగడం లేదు. ఆ గృహం మూయించమనీ అడగడం లేదు. మూస్తే వాళ్ళంతా ఎక్కడికి పోతారు?

ఇకమీదట ఎవరి సెట్టు వారి డబ్బాలోనే, పేరు రాసి, ఉంచేటట్టు చూడండి. ముద్ద ఊసేసిన మనిషి నోటిని ముందు తెరిచి చూసి, ఆ తర్వాతే గారమో మొండితనమో రాసుకోమనండి. తనిఖీకి చెప్పకుండా వెళ్ళండి, అదీ భోజనం వేళకి.

అన్నిటికంటే ముందు, ఈ అర్జీ అందిన రోజునే, రేడియో అత్తయ్య పళ్ళు నా దగ్గర నుంచి తీసుకోమని ఉత్తర్వు ఇవ్వండి. వాటిని ఈ అర్జీకి జతపరచడానికి నిన్న తెచ్చాను. “కాగితాలైతేనే తీసుకుంటాం సార్, పళ్ళు ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కవు” అని గుమాస్తా తిప్పి పంపాడు. కనుక అవి మా ఇంట్లో గిన్నెలో నీళ్ళలో ఉన్నాయి. రోజూ పొద్దున నీళ్ళు మారుస్తున్నాను. ఆవిడ మాత్రం అక్కడ మా ఆవిడ పళ్ళు వేలితో నెట్టుకుంటూ, తిన్నది తిన్నట్టు ఊసేస్తూ ఉండి ఉంటుంది. గారాలు పోతోందని రాసి ఉంటారు. భోజనం వేళకి రావద్దని చెప్పడానికి ఆవిడకు బంధువులు కూడా ఎవరూ లేరు.

పెట్టే ముందు సెట్టును గోరువెచ్చని నీళ్ళలో తడపమనండి. ముందు పైది, తర్వాత కిందిది. చాలా రోజులైంది కనుక మొదట ఊసేస్తుంది. కసురుకోకుండా కాసేపు ఆగి మళ్ళీ పెట్టమనండి. పుండ్లుంటే మానేదాకా ఆగాలి. మెత్తనిది, చిక్కనిది, కూర్చోబెట్టి తినిపించాలి.

ఇందులో రాసినదంతా నాకు తెలిసినంతలో నిజం. తెలియనిది రాయలేదు. తమరు స్వయంగా చిత్తగించవలెను. మళ్ళీ ఆ విచారణాధికారికే పంపవద్దని ప్రార్థన.

ఇప్పటికింకా తమ విధేయుడు,

(సంతకం)
కిటికీకి ఎడమవైపు మంచం మీద ఉండిన ఆవిడ భర్త
విశ్రాంత తనిఖీదారు, తూనికలు కొలతల శాఖ

జతపరచినవి: మొదటి అర్జీ నకలు, విచారణ నివేదిక నకలు, నిరాకరించబడిన పోస్టు పొట్లం పైకాగితం.

తా.క.: రేడియో అత్తయ్య నోట్లోంచి తీసిన సెట్టును ఏం చేయాలో పైన రాయలేదు. ఆ గృహంవారిని అడిగితే ఎవరికీ పనికిరాదని చెత్తలో వేస్తారు. నిజమే, ఇక ఏ నోటికీ పనికిరాదు. పారేయనివ్వకండి. కబురు చేస్తే వస్తాను. గేటు బయటే నిలబడమన్నా నిలబడతాను. సంతకం పెట్టి తీసుకుంటాను. “పొరపాటేమీ జరగలేదు” అని కాగితం మీద రాసిస్తే తప్ప ఇవ్వమంటారేమో, అదీ రాసిస్తాను. నాకు ఇప్పించండి.